కోర్టు వాయిదాకు తోడు వెళ్లే పని మాకివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను నెల్లూరులో మూడేళ్ల లా కోర్సు చదువుతున్నాను, మాది ఉదయగిరి వైపు పల్లె. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం మేం 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి, ఐదేళ్ల కోర్సు వాళ్లయితే 20 వారాలు. చాలామంది ఎలా చేస్తారో అందరికీ తెలిసిందే, తెలిసిన వకీలు గారి సంతకం, డైరీలో నాలుగు కేసుల పేర్లు, అంతటితో సరి. మొదటి ఏడాది నేనూ అంతే చేశాను, దాచడం దేనికి. రెండో ఏడాది మా మేడమ్ ఒకరు పట్టుబట్టి, దాడులకీ వేధింపులకీ గురైన ఆడవాళ్లకు సాయం చేసే ఒక కేంద్రంలో నన్ను నాలుగు వారాలు వేయించారు.

మొదటి రోజే తప్పు చేశాను. భర్త చేతిలో దెబ్బలు తిని వచ్చిన ఒకావిడని "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదక్కా?" అని అడిగేశాను. మంచిగానే అడిగాననుకున్నా. ఆవిడ తల వంచుకుంది, ఇంక నోరు విప్పలేదు. ఆవిడ వెళ్లాక కౌన్సెలర్ గారు నన్ను పిలిచి, ఈ ప్రశ్న అత్తగారు అడిగింది, స్టేషన్లో అడిగారు, ఊరి పెద్దమనుషులు అడిగారు, నువ్వు నాలుగోదానివి అన్నారు. మర్నాటి నుంచి మంచినీళ్లివ్వడం, పక్కన కూర్చోవడం, అడిగితేనే మాట్లాడటం. లా చదివే పిల్లకు నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో చూడండి!

తర్వాత అర్థమైంది, వచ్చేవాళ్లలో చాలామందికి ముందు కావలసింది కాగితం చదివి చెప్పే మనిషి. మెట్ట మండలం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది (ఆవిడని అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నా). పొలం గట్టు గొడవలో తల పగలగొట్టారు. ఏడాది నాటి ఎఫ్ఐఆర్ కాపీ క్యారీబ్యాగులో మడతపెట్టి తెచ్చుకుని, "ఇందులో వాళ్ల పేర్లు ఉండాయా పాపా?" అంది. చదివి చెప్పాను, ఉన్నాయి. "అయితే రాసుకున్నారన్నమాట" అని కొంగుతో మొహం తుడుచుకుంది. ఏడాదిపాటు ఆవిడ వాళ్ల పేర్లు అసలు రాయలేదనే అనుకుంటోంది!

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (పోలీసు దర్యాప్తు, కోర్టు విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం) ప్రకారం దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో 90 రోజుల్లోపు బాధితులకు చెప్పాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, న్యాయ సాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే చాలు. నేరం చేసినవాడు దొరక్కపోయినా పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. ఇవేవీ ఆవిడకు తెలియవు. నిజం చెప్పాలంటే అందులో సగం నాకూ అక్కడికి వెళ్లాకే తెలిసింది.

వాయిదా రోజున ఆవిడతో కోర్టుకు వెళ్లాను. కొట్టినవాళ్లు గేటు దగ్గర టీ బంకు ముందే నిలబడి ఉన్నారు, ఆవిడ నా చెయ్యి పట్టుకుని వాళ్లవైపు చూడకుండా నడిచింది. నేను చేసిందల్లా అంతే. పోక్సో కేసుల్లో, అంటే పిల్లలపై లైంగిక నేరాల కేసుల్లో, పిల్లలకు సపోర్ట్ పర్సన్ అని ఒక మనిషిని ఇచ్చే ఏర్పాటు 2020 నిబంధనల్లోనే ఉంది. నేను చూసినంతలో పెద్దవాళ్లకు మాత్రం అలా ఎవరూ ఉండరు, కూలి మానుకుని చుట్టాలు ఎన్నిసార్లు వస్తారు? మరి ఇంతమంది విద్యార్థులం సంతకాల కోసం తిరుగుతున్నామే, లా వాళ్లనీ సోషల్ వర్క్ వాళ్లనీ కనీసం వారం శిక్షణ ఇచ్చి ఈ పనికి పెట్టొచ్చు కదా. వకీలు పనీ కౌన్సెలర్ పనీ మాకొద్దు. తోడెళ్లడం, ఫారాలు నింపడం, వాయిదా తేదీ ఫోన్ చేసి గుర్తు చేయడం చాలు. బస్సు చార్జీలైనా ఇవ్వాలి, ఉదయగిరి నుంచి నెల్లూరుకు రానూపోనూ రోజంతా ప్రయాణానికే పోతుంది.

శిక్షణలో మొదటి పాఠం గుట్టు. హాస్టల్లో రోజూ రాత్రి "ఇవాళ ఏం కేసే?" అని అడిగేవాళ్లు. రేప్ కేసుల్లో బాధితురాలి వివరాలు బయటపెడితే రెండేళ్ల దాకా జైలు, నేరాలకు శిక్షలు చెప్పే బీఎన్ఎస్ చట్టం 72వ సెక్షన్. ఇది మీకూ చెప్పాలి సార్, ఏమనుకోకండి. పేరు రాయలేదు కాబట్టి సరిపోయిందనుకుని ఊరు, వీధి, తండ్రి నడిపే షాపు అన్నీ వేసేస్తారు పేపర్లలో. మా పల్లెల్లో అంత చెప్పాక పేరుతో పనేముంది?

నా నాలుగు వారాలు అయిపోయాయి, ఆ పెద్దావిడ కేసు ఇంకా నడుస్తోంది. మొన్న ఫోన్ చేసి "పాపా, ఈసారీ వస్తావా?" అని అడిగింది. ఆ రోజే నాకు సెమిస్టర్ పరీక్ష.

ఇట్లు,
ఒక లా విద్యార్థిని, నెల్లూరు జిల్లా