నజరానా కాదు సార్, మ్యాచ్‌లు ఇప్పించండి

తెలంగాణ రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి నమస్కారం.

నిజామాబాద్ జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్ పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. ఫుట్‌బాల్ క్రీడాకారిణి గుగులోత్ సౌమ్యను అడ్డం పెట్టుకుని, గెలిచాక ఇచ్చే నజరానాల కన్నా ఆడపిల్లలకు ఆడే మ్యాచ్‌లు ముఖ్యమని మీకొక మాట చెప్పాలని ఈ లేఖ. ఆ అమ్మాయి నా శిష్యురాలు కాదు, లేని గొప్ప చెప్పుకోను. మా జిల్లా తండా పిల్ల, మాకున్న చుట్టరికం అంతే.

2022లో సౌమ్య క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్ కూడా తనతో పాటే వెళ్లింది. సౌమ్య తిరిగొచ్చాక కేరళలో గోకులం జట్టుకు, ఆ తర్వాత కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ ఈస్ట్ బెంగాల్‌దే. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు సౌమ్యదే. 2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి మన అమ్మాయిలు ఆసియా కప్‌కు అర్హత సాధించారు. అర్హత మ్యాచ్‌లు ఆడి అక్కడిదాకా చేరడం మన మహిళల జట్టుకు అదే మొదటిసారి. ఆ బృందంలోనూ సౌమ్య ఉంది.

ఇందులో ఊళ్ల పేర్లు మళ్లీ ఒకసారి చూడండి సార్. జాగ్రెబ్ ఉంది, కేరళ ఉంది, కోల్‌కతా ఉంది. హైదరాబాద్ ఏదీ? ఆ ఏడాది లీగ్‌లో ఆడిన 8 జట్లలో రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కటి కూడా లేదు. ఫుట్‌బాల్ కోచ్ రహీం సాబ్ ఊరు సార్ మనది! 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన కోచింగ్‌లోనే ఇండియా బంగారు పతకం గెలిచింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వస్తోందంటే పెద్ద పెద్ద క్లబ్బులు భయపడేవని మా నాన్న చెప్పేవాడు.

నా సంగతి చెబుతాను. మా స్కూల్ ఆడపిల్లల జట్టుకు ఏడాదంతా కలిపి దొరికేది ఒక్క ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) టోర్నమెంటే. అదీ నాకౌట్. ఒక ఏడు పొద్దున ఐదింటి బస్సెక్కించి తీసుకెళ్లాను. మొదటి మ్యాచ్ ఓడిపోయారు, మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటిముఖం పట్టాం. ఆ పిల్లలు మళ్లీ గ్రౌండ్‌లో ఎదుటి జట్టును చూసింది మరుసటి ఏడే. ఈలోగా ఇద్దరు చదువు మానేశారు, ఒకరికి పెళ్లయిపోయింది. స్టడ్స్ బూట్లు లేకపోతే అడిగి తెచ్చుకున్నాం, బంతి చిరిగితే కుట్టించుకున్నాం. మ్యాచ్‌లు మాత్రం ఎక్కడ అప్పు తెచ్చేది?

విదేశీ క్లబ్ వాళ్లు చూసేది సన్మానపు ఫొటోలు కాదు. ఎన్ని మ్యాచ్‌లు ఆడింది, ఎవరి మీద ఆడింది, వీడియో ఉందా, ఇవీ వాళ్లడిగేవి. బ్రిటన్ లాంటి చోట వర్క్ పర్మిట్‌కు దేశం తరఫున ఆడిన మ్యాచ్‌ల లెక్క కూడా తీస్తారు. మణిపూర్ నుంచి బాలా దేవి 2020లో స్కాట్లండ్‌లోని రేంజర్స్‌కు వెళ్లిందంటే, అప్పటికే దాదాపు పదిహేనేళ్లు ఇండియా జెర్సీలో ఆడి ఉంది. మన దేశం నుంచి విదేశంలో ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ అందుకున్న మొదటి మహిళా ఫుట్‌బాలర్ ఆమే. మణిపూర్ పోలీస్ శాఖలో ఆమెకు ఉద్యోగం ఉండేది. అంటే, విదేశంలో ఆట కుదరకపోయినా వెనక్కి వస్తే అన్నం ఉంటుందన్న ధైర్యం. మా నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్‌కు మీ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది, సంతోషం. ఫుట్‌బాల్ పిల్లలకూ అలాంటి కొలువులు ఇవ్వండి. ఇచ్చేటప్పుడే, బయటి క్లబ్ పిలిస్తే రెండేళ్లు సెలవు దొరికేలా ఆర్డర్‌లో రాయించండి. లేకపోతే ఆ ఉద్యోగమే కాలికి గుదిబండ అవుతుంది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. కుర్రాడు విదేశీ క్లబ్‌తో మొదటి ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ చేసుకుంటే, చిన్నప్పుడు అతనికి ఆట నేర్పిన క్లబ్బులకు శిక్షణ పరిహారం కింద కొంత డబ్బు ఇవ్వాలని ఫిఫా నిబంధన ఉంది. మహిళల ఫుట్‌బాల్‌కు అది వర్తించదు. తండా పిల్లను తయారుచేసి జాగ్రెబ్ దాకా పంపినా ఆట నేర్పిన క్లబ్‌కు ఆ పరిహారం కింద నయాపైసా రాదు. అందుకే ఈ పని మార్కెట్‌కు వదిలేస్తే జరగదు, ప్రభుత్వమే పూనుకోవాలి.

నేనడిగేది కోట్లు కాదు. జిల్లాకొక ఆడపిల్లల లీగ్ పెట్టండి. ఆరు జట్లు చాలు, నాకౌట్ మాత్రం వద్దు. ప్రతి జట్టూ మిగతా అయిదింటితో రెండేసి సార్లు ఆడితే ఒక్కో పిల్లకు పది మ్యాచ్‌లు దక్కుతాయి. గురుకులాల గ్రౌండ్లు ఆదివారాలు ఖాళీగానే ఉంటున్నాయి. రిఫరీలకు భత్యం, పిల్లలకు బస్సు కిరాయి, అరటిపండ్లు, ఒక సెల్‌ఫోన్ స్టాండు. స్టాండు ఎందుకంటే, ప్రతి మ్యాచ్ వీడియో తీసి దాచాలి. రేపు ఏ క్లబ్బో అడిగితే ఇవ్వడానికి అదొక్కటే ఉంటుంది.

మా జిల్లాతోనే మొదలుపెట్టండి. మోకాళ్లు పరుగెత్తనివ్వవు గానీ, గ్రౌండ్‌కు సున్నంతో గీతలు గీయడానికి ఆదివారం ఆరింటికల్లా నేనొస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
నిజామాబాద్ జిల్లా