ఆత్మహత్యల లెక్క కూడా జిల్లా ముందు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో ఏ వీధిలో నలుగురు చేరినా దొంగతనాల మాటే. ఇల్లు తాళం వేసి ఊరెళ్లాలంటే టెన్షన్, మెడలో గొలుసుతో సాయంత్రం బయటికి రావాలంటే టెన్షన్. పోలీసులు అడిగినవాళ్ల ఇళ్లకు ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్లపై నిఘా) కెమెరా పెడుతున్నారు, నేరాల మీద సమీక్షలు చేస్తున్నారు. మంచిదే. ఆ భయం ఉత్తదని నేననను. కానీ జాతీయ నేర రికార్డుల బ్యూరో 2022 లెక్కలు చూడండి. దేశంలో హత్య కేసులు 28,522. ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది. దాదాపు ఆరు రెట్లు! వాళ్లలో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. దీని గురించి మన వీధుల్లో మాటే లేదు.

ఆ లెక్కలు బయటికొచ్చింది 2023 డిసెంబరులో. నగరాల పట్టికలో మన రాష్ట్రం నుంచి విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి, తిరుపతి లేదు. ఇక్కడ హాస్టళ్లలో చదువుకునే పిల్లలున్నారు, యాత్రికులను నమ్ముకుని బతికే చిరువ్యాపారులున్నారు. వీళ్లలో ఎవరికి ఆపద పెరుగుతోందో ఢిల్లీ పుస్తకం చూసి ఎలా తెలుస్తుంది? అసలు వివరాలు పుట్టేది మన పోలీసు స్టేషన్లలోనే కదా.

కారణాల దగ్గర నాకు ఇంకా అనుమానం. కుటుంబ సమస్యలు 31.7 శాతం, జబ్బులు 18.4 శాతం అని రాశారు. పంచనామా వేళకు ఆ ఇంట్లోవాళ్లు ఏ స్థితిలో ఉంటారు? అప్పుల సంగతి చెబితే పరువు పోతుందని, కూతురి కాపురం సంగతి చెబితే రచ్చవుతుందని, కడుపునొప్పి తాళలేక అని చెప్పేస్తారు. పేపర్లోనూ అదే వస్తుంది. వాళ్లను తప్పుపట్టలేం. కొన్ని వారాలు పోయాక ఏఎన్‌ఎమ్మో ఆశా కార్యకర్తో వెళ్లి నెమ్మదిగా మాట్లాడితే అసలు బాధ తెలుస్తుంది, ఆ ఇంట్లో మిగిలినవాళ్లకూ ఆసరా అవుతుంది.

ప్రయత్నించి బతికితే కేసు పెడతారన్న భయం ఇంకొకటి. ఆ భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లడానికి వెనకాడకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలాంటివారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత ఐపీసీ 309వ సెక్షనే లేదు.

జిల్లా ఎస్పీ గారికి, కలెక్టర్ గారికి నా విన్నపం ఒక్కటే. పేర్లు లేకుండా, వయసు, వృత్తి, మండలం వారీగా ఈ లెక్కను మూడు నెలలకోసారి ప్రకటించండి. నేరాల లెక్క చెప్పే సమావేశంలోనే ఇదీ చెప్పండి.

మీ పత్రికకూ ఒక మనవి. ఎలా చనిపోయారన్న వివరాలు వద్దని ప్రెస్ కౌన్సిల్ 2019లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని పాటించండి. అలాంటి ప్రతి వార్త కింద, మానసిక బాధలో ఉన్నవారికి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీమానస్ నంబరు 14416 వేయండి. ఎప్పుడు చేసినా పలుకుతారు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి