న్యాయ సహాయ కేంద్రం వారానికి ఒక రోజైనా తెరిచి ఉండాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఏటా నవంబరు 9న న్యాయ సేవల దినోత్సవం నాడు న్యాయ కళాశాలల విద్యార్థులు బ్యానరు పట్టుకుని ఊరేగింపుగా వెళ్లడం, మర్నాడు ఆ ఫొటో పత్రికల జిల్లా పేజీల్లో రావడం మామూలే. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995లో అదే తేదీన అమల్లోకి వచ్చింది కనుక ఆ రోజు ర్యాలీ జరపడంలో తప్పేమీ లేదు. అయితే, ఆ తర్వాత వారం ఒక ముసలామె పిల్లలకు తన ఆస్తి రాసిచ్చిన సెటిల్‌మెంట్ దస్తావేజు జిరాక్సు పట్టుకుని విశ్వవిద్యాలయ న్యాయ విభాగం మెట్లెక్కితే, ఆమెను కూర్చోబెట్టి ఆ కాగితం చదివి, దేని మీద ఎక్కడ అర్జీ పెట్టుకోవాలో చెప్పి, ఆ అర్జీ రాసిపెట్టే ఏర్పాటు అక్కడ ఉంటుందా అన్నదే ఈ ఉత్తరంలో నేను అడగదలచిన ప్రశ్న. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి ఉన్నాయి. రెండింటిలోనూ న్యాయశాస్త్రం బోధిస్తున్నారు. ప్రైవేటు న్యాయ కళాశాలలు వేరే ఉన్నాయి. ఫలానా సంస్థలో పని జరగడం లేదని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఇంతమంది న్యాయ విద్యార్థులున్న ఊళ్లో, వారి చదువు పక్కవీధి మనిషికి ఏ రోజున, ఏ గదిలో అక్కరకొస్తుందో అందరికీ తెలిసేలా ఉండాలన్నదే నా విన్నపం.

ఇది దయాధర్మంగా అడుగుతున్నది కాదు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని రాజ్యం బాధ్యతగా పేర్కొంది. 1987 చట్టం నాలుగో సెక్షన్‌లోనే, విశ్వవిద్యాలయాల్లోనూ న్యాయ కళాశాలల్లోనూ న్యాయ సేవా కేంద్రాలు నెలకొల్పేలా చూడటం, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాతో సంప్రదించి ఆచరణాత్మక న్యాయ విద్యకు కార్యక్రమాలు రూపొందించడం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ విధుల్లో ఒకటిగా రాశారు. బార్ కౌన్సిల్ 2008లో తెచ్చిన న్యాయ విద్యా నిబంధనలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ప్రతి న్యాయ కళాశాలా ఒక సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో, చివరి సంవత్సరం విద్యార్థులు నడిపే న్యాయ సహాయ కేంద్రాన్ని పెట్టి తీరాలని, న్యాయ సేవాధికార సంస్థతోనూ స్వచ్ఛందంగా ముందుకొచ్చే న్యాయవాదులతోనూ కలిసి దాన్ని నడపాలని అవి చెబుతున్నాయి. అంటే పర్యవేక్షించాల్సిందెవరో, పని చేయాల్సిందెవరో, చేయి కలపాల్సిందెవరో నిబంధనలోనే ఉంది. తలుపు ఎప్పుడు తెరవాలో మాత్రం రాయలేదు. ఆ వెసులుబాటును తలుపు మూసి ఉంచడానికి వాడుకోకూడదు.

నేను కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి విశ్రాంతి పొందినవాణ్ణి. కోర్టు దాకా వచ్చిన కక్షిదారుకు ఉచితంగా న్యాయవాదిని ఇచ్చే ఏర్పాటు మన దగ్గర ఎన్ని లోపాలున్నా నడుస్తోంది. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా దానికి అర్హులన్న సంగతి చాలామందికి తెలియకపోయినా, 15100 నంబరుకు ఫోన్ చేస్తే చెప్పేవారున్నారు. క్రిమినల్ కేసుల్లో నిందితుల తరఫున ఉచితంగా వాదించే డిఫెన్స్ కౌన్సిల్ వ్యవస్థ కూడా 2022 నుంచి వచ్చింది. అసలు ఇబ్బంది కోర్టు గుమ్మానికి ఇవతల ఉంది. చాలా తగాదాలు తహసీల్దారు దగ్గర, ఆర్డీవో దగ్గర, పోలీసు స్టేషన్లో, ఆస్పత్రిలో మొదలవుతాయి. అక్కడ తొలి కాగితం తప్పుగా రాయడం వల్లనో, అసలు రాయకపోవడం వల్లనో ఆ తర్వాత ఏ న్యాయవాదీ సరిదిద్దలేని చిక్కు పడుతుంది. ఆ తొలి కాగితం రాయడానికి సనదు, అంటే న్యాయవాదిగా నమోదైన పత్రం, అక్కర్లేదు. చట్టం చదువుతున్నవాడు, ఓపికగా వినగలిగినవాడు చాలు.

వృద్ధుల విషయమే తీసుకోండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. పోషణ కోసం అర్జీ పెట్టుకోవాల్సింది రెవెన్యూ డివిజన్ స్థాయి ట్రిబ్యునల్ ముందు. నోటీసు అందినప్పటి నుంచి 90 రోజుల్లో దాన్ని తేల్చాలని, అసాధారణ కారణాలుంటే మరో 30 రోజులు తీసుకోవచ్చని చట్టం అంటుంది. ఆ ట్రిబ్యునల్ ముందు న్యాయవాదులు ప్రాతినిధ్యం వహించకూడదని 17వ సెక్షన్ చెబుతోంది. దానిపై న్యాయస్థానాల్లో వేరే అభిప్రాయాలు వచ్చిన మాట నిజమే. అయినా ఎక్కువమంది వృద్ధులు తమ అర్జీతో తామే నిలబడవలసి వస్తోంది. రాయడం రాని మనిషి అర్జీలో ఏముంటుంది? కొడుకు అన్నం పెట్టడం లేదని, కోడలు తిట్టిందని, మనవడి పెళ్లికి పిలవలేదని ఉంటుంది. అదంతా నిజమే కావచ్చు. కానీ అధికారికి కావలసిన నాలుగు సంగతులు అందులో ఉండవు. ఆస్తి రాసిచ్చిన తేదీ చట్టం అమల్లోకి రాకముందుదా, తర్వాతదా? పోషిస్తానన్న షరతు దస్తావేజులో ఉందా, నోటిమాటగానే ఉందా? రిజిస్టరు అయిందా? ప్రస్తుతం నెలకు ఎంత అవసరం, సంతానానికి ఎంత ఆదాయం?

ఇందులో రెండో ప్రశ్న మీద న్యాయ విద్యార్థులు తరగతి గదిలో ఒక పూటంతా వాదించుకోవచ్చు. ఈ చట్టం 23వ సెక్షన్ ప్రకారం అలా రాసిచ్చిన దస్తావేజును రద్దు చేయాలంటే పోషణ షరతు ఉండి తీరాలని 2022లో సుప్రీంకోర్టు సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, వృద్ధుల మేలు కోసం వచ్చిన చట్టాన్ని ఉదారంగా చదవాలంది. ఈ రెండు తీర్పులనూ పరీక్ష కోసం బట్టీ పట్టిన విద్యార్థికీ, ఎదురుగా కూర్చున్న ముసలాయన సెటిల్‌మెంట్‌లో ‘నా జీవితాంతము వరకు నన్ను చూచుకొనవలెను’ అన్న వాక్యం వెతుకుతూ వాటిని చదివిన విద్యార్థికీ ఎంత తేడా ఉంటుందో అధ్యాపకులకు నేను చెప్పనక్కర్లేదు. షరతు లేదనుకుంటే దస్తావేజు రద్దు సంగతి సివిల్ కోర్టుకు వదిలి, పోషణ భృతి వరకు అర్జీ రాయడం ఒక దారి. సివిల్ దావాకు న్యాయ సేవాధికార సంస్థ జాబితాలో ఉన్న న్యాయవాది (ప్యానెల్ న్యాయవాది) దగ్గరికి పంపడం మరో దారి. కాలూ చేయీ ఆడని వృద్ధులైతే తాము అధికారమిచ్చిన మనిషి చేత అర్జీ పెట్టించవచ్చని కూడా చట్టంలో ఉంది. ఏ దారి పట్టాలో తేల్చుకోవడమే న్యాయవాద వృత్తిలో సగం పని.

రోడ్డు ప్రమాదాల సంగతి ఇంతకంటే తొందర చేసేది. పూతలపట్టు–నాయుడుపేట రహదారి మీదో, చెన్నై మార్గంలోనో దెబ్బలు తగిలినవారిని రుయా ఆస్పత్రికి తెస్తారు. కుటుంబం ఏడుపులో ఉండగానే అక్కడికి మధ్యవర్తులు చేరతారు. వచ్చే పరిహారంలో వాటా మాట్లాడుకుని కేసు వేయిస్తామంటారు. పరిహారంలో వాటా పుచ్చుకునే షరతుతో కేసు చేపట్టడం న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం నిషిద్ధం. ఆ సంగతి బాధితులకు చెప్పేవారు లేరు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి రావడంతో, క్లెయిము దరఖాస్తుకు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలల గడువు వచ్చిపడింది. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాళ్లున్నాయి. అయినా వాటి ఫలితం కోసం ఆగి కూర్చోమని ఎవరికీ సలహా ఇవ్వలేం. ఢీకొట్టిన వాహనం ఆనవాలు దొరకని కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం ఇచ్చే పథకం కూడా అదే తేదీ నుంచి ఉంది. దానికి కోర్టుకే వెళ్లనక్కర్లేదు. ఫారం నింపి, అవసరమైన కాగితాలు జతచేసి రెవెన్యూ అధికారికి ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల ధ్రువపత్రం లేదా పోస్టుమార్టం నివేదిక, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం సమకూర్చుకోవడం ఎలాగో తెలిస్తే పని సగం అయినట్లే. ఆస్పత్రి ఆవరణలో ఒక బల్ల వేసుకుని ఇద్దరు విద్యార్థులు కూర్చుంటే మధ్యవర్తుల బేరం చాలావరకు పడిపోతుంది.

జైళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. ఎర్రచందనం కేసుల్లో తిరువణ్ణామలై వైపు కొండ గ్రామాల నుంచి వచ్చిన కూలీలు మన కోర్టుల్లో తెలుగు అర్థం కాక నిలబడటం ఇక్కడి న్యాయవాదులు, కోర్టు సిబ్బంది అందరూ చూసినదే. మొదటిసారి నిందితులైనవారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదలకు అర్హులని క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ అంటున్నా, ఒకటికి మించి కేసులుంటే ఆ వెసులుబాటు వర్తించదు. అలాంటివారికి ఏ కేసు ఏ కోర్టులో ఉందో తమిళంలో చెప్పి, కాగితం మీద రాసిచ్చేవారుంటే చాలు. కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి తమిళ విద్యార్థులు న్యాయ విద్యార్థులతో కలిసి నెలకు ఒకసారి జైలుకు వెళ్లేలా ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. చిత్తూరు సరిహద్దు జిల్లా అని మనం తరచూ చెప్పుకుంటాం కదా.

విద్యార్థులకు సమయం ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. సమయం ఇప్పటికే పాఠ్యప్రణాళికలో ఉంది. మూట్ కోర్టు (విద్యార్థులు వాదన సాధన చేసే నమూనా కోర్టు), శిక్షణ పేరుతో ఉన్న 100 మార్కుల పేపరులో 30 మార్కులు మూట్ కోర్టుకు, 30 విచారణల పరిశీలనకు, 30 కక్షిదారుతో మాట్లాడే తీరును, కేసు కాగితాల తయారీని గమనించి డైరీ రాయడానికి, 10 మౌఖిక పరీక్షకు కేటాయించారు. కక్షిదారుతో జరిగే సంభాషణను న్యాయవాది కార్యాలయంలోగానీ న్యాయ సహాయ కార్యాలయంలోగానీ గమనించవచ్చని అందులోనే ఉంది. ఇది ఆచరణలో ఏమైందో నేను కోర్టు హాల్లో కూర్చుని చూశాను. పరీక్షలకు ముందు కొందరు పిల్లలు వచ్చి, ‘సార్, ఒక కేసు నంబరు ఇచ్చి ఏం జరిగిందో చెప్పండి, రాసుకుంటాం’ అనేవారు. ఒకరు రాసిన డైరీనే పదిమంది పంచుకునేవారు. పిల్లల్ని అని లాభం లేదు. గమనించమన్నారే గాని చేయమనలేదు. చేసే పని లేనిచోట గమనించేది నకలే అవుతుంది. అయిదేళ్ల కోర్సుకు 20 వారాలు, మూడేళ్ల కోర్సుకు 12 వారాల శిక్షణ తప్పనిసరి. అందులో కొంత భాగం న్యాయ సహాయ కేంద్రంలో గడపాలని, డైరీకి బదులు తాము రాసిన అర్జీల నకళ్లను పేర్లు తీసేసి సమర్పించాలని విభాగం నిర్ణయించుకుంటే, కొత్తగా ఒక్క గంట కూడా వెతుక్కోనక్కర్లేదు.

బార్ సభ్యులైన మిత్రులు కొందరు ఈ మాటకు అభ్యంతరం చెప్పారు. తెలిసీ తెలియని పిల్లలు తప్పు సలహా ఇస్తే బాధ్యత ఎవరిదన్నారు. అది తోసిపుచ్చదగ్గ మాట కాదు. విద్యార్థి కోర్టులో వాదించడానికి లేదు. న్యాయవాదుల చట్టం ఆ పనిని సనదు ఉన్నవారికే కేటాయించింది. అలాగే కక్షిదారు చెప్పిన రహస్యానికి చట్టం ఇచ్చే రక్షణ న్యాయవాదికి, ఆయన గుమస్తాకు, దుబాసీకి వర్తిస్తుందే గాని, తనంతట తాను సలహా చెప్పే విద్యార్థికి కాదు. అందుకే ప్రతి కాగితమూ ప్యానెల్ న్యాయవాది ఒకరు చూసి సంతకం చేశాకే బయటికి వెళ్లాలి. విద్యార్థులు ఆయన కింద పనిచేసేవారిగా నమోదు కావాలి. ఇక తమ ఫీజులు పోతాయన్న భయం, ఎవరూ పైకి చెప్పకపోయినా, నాకు అర్థం కాని విషయం కాదు. కానీ పోషణ అర్జీ రాయించుకోవడానికి వచ్చే ముసలామె ఏ న్యాయవాది జీవనాధారమూ కాదు.

నాకు నిజంగా బెంగగా ఉన్నది వేరే సంగతి. విద్యార్థులు వస్తారు, పోతారు. ఏప్రిల్, మే నెలల్లో పరీక్షలు, సెలవులు. అర్జీ ఫిబ్రవరిలో పెడితే విచారణ మేలో వస్తుంది. అప్పుడా ముసలామె మళ్లీ మెట్లెక్కితే గదికి తాళం ఉండకూడదు. కాబట్టి కేంద్రంలో ఒక రిజిస్టరు ఉండాలి. ప్రతి అర్జీకి ఒక ఫైలు, దాని మీద తర్వాతి తేదీ ఉండాలి. ఒక జట్టు వెళ్లేటప్పుడు తర్వాతి జట్టుకు ఆ ఫైళ్లు అప్పగించి ఇరువురూ సంతకాలు పెట్టాలి. సెలవుల్లో చూసుకునే అధ్యాపకుడికి ఆ పనిని బోధన గంటలుగా లెక్కకట్టాలి. ఇవి కోర్టు గుమస్తా బుద్ధితో చెబుతున్న మాటలని కొందరు నవ్వవచ్చు. ఫైలు పోయిన కేసులో ఎంత గొప్ప న్యాయవాది అయినా చేయగలిగింది తక్కువని నా అనుభవం.

వారానికి ఒక రోజు, ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు, మొదట తిరుపతి ఆర్డీవో కార్యాలయం దగ్గరా, రుయా ఆస్పత్రిలోనూ ఇది మొదలుపెట్టవచ్చు. ఎక్కడ, ఏ రోజు అన్నది తెలుగులో రాసిన బోర్డు ఆ రెండు చోట్లా, ఆర్టీసీ బస్టాండులోనూ పెట్టాలి. చిత్తూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ న్యాయవాదిని కేటాయిస్తుందా, విశ్వవిద్యాలయాల న్యాయ విభాగాలు అధ్యాపకుణ్ణి కేటాయిస్తాయా, ఇప్పటికే అలాంటి కేంద్రం ఎక్కడైనా నడుస్తుంటే దాని వేళలేమిటి అన్నవి సంబంధితులు మీ పత్రిక ద్వారానే పాఠకులకు తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత కోర్టు ఉద్యోగి,
తిరుపతి.