రేబిస్ దగ్గరే ఆగిపోకండి: పశుసంవర్ధక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ అజిత్‌సింగ్ నగర్ నుంచి రాస్తున్నాను. మా వీధుల్లో కుక్క ఈనితే అయిదారు పిల్లలు. పుట్టిన నెలన్నర, రెండు నెలలకు అవి వరసగా చచ్చిపోతుంటాయి. నిన్నటిదాకా కాళ్లకు అడ్డంపడి ఆడుకున్నవి తిండి మానేసి, వాంతులు చేసుకుని, నెత్తురు విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పోతాయి. ఎవరో మందు పెట్టారని వీధంతా అనుకుంటుంది. పక్కింటివాళ్ల మీద అనుమానం, మాటా మాటా పెరగడం, పలకరింపులు ఆగిపోవడం. చాలాసార్లు అక్కడ ఎవరూ విషం పెట్టి ఉండరు. అది పార్వో అనే వైరస్ జబ్బు.

1978లో బయటపడిన జబ్బు ఇది. పిల్లులకు వచ్చే ఇలాంటి వైరస్‌కే దగ్గరి చుట్టం. రెండేళ్లు తిరక్కుండానే ప్రపంచమంతా పాకింది. పేగు లోపలి పొరను, ఎముకల్లోని మూలుగను దెబ్బతీస్తుంది. తెల్లరక్తకణాలు పడిపోయి, ఒంట్లో తట్టుకునే శక్తి మిగలదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, యాంటీబయాటిక్ ఇచ్చి కాపాడుకోవాలి. వేళకు వైద్యం అందితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి, అందకపోతే దాదాపు అన్నీ పోతాయి. వీధిలో పుట్టినదానికి రోజుల తరబడి సెలైన్ పెట్టించేవాళ్లు ఎంతమంది ఉంటారు? అందుకే నేను అడుగుతున్నది వైద్యం గురించి కాదు, టీకా గురించి.

2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కను పట్టుకెళ్లి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. రేబిస్ మనుషుల ప్రాణాలు తీసే జబ్బు కాబట్టి దానికే మొదటి పీట, అందులో రెండో మాట లేదు. కానీ కుక్క చేతికి చిక్కిన ఆ కొద్ది రోజుల్లోనే పార్వోకు, మెదడుకు ఎక్కే డిస్టెంపర్‌కు, కాలేయ వాపుకు, మూత్రం కలిసిన నీళ్లతో అంటే లెప్టోస్పైరోసిస్‌కు కలిపి వేసే టీకా కూడా ఎందుకు వేయకూడదు? పట్టడానికి, వ్యానుకు, జీతాలకు అయ్యే అసలు ఖర్చు అప్పటికే పెట్టేశాం. ఆ పైన కావలసింది కొన్ని వందల రూపాయల మందు.

దానికన్నా ముందు, అసలు ఖర్చే లేని పని ఒకటుంది. ఎక్కడెక్కడి కుక్కలనో తెచ్చి ఒకేచోట ఉంచే కేంద్రాలు పార్వో పంచిపెట్టే చోట్లుగా మారే ప్రమాదం ఉంది. ఈ వైరస్ నేలలో నెలల తరబడి, నీడపట్టున ఏడాది దాకా బతుకుతుంది. చెప్పులకు, బోనుకు, పళ్లేలకు అంటుకుని ప్రయాణం చేస్తుంది. ఫినాయిల్‌కు, స్పిరిట్‌కు లొంగదు. బ్లీచింగ్‌కు లొంగుతుంది. ముందు మలమంతా కడిగేసి, ఆ తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోసి కనీసం పది నిమిషాలు తడిగా ఉంచాలి. బ్లీచింగ్ పౌడర్ ప్రతి మున్సిపాలిటీ గోదాములోనూ ఉంటుంది. ఒక్క ఆదేశం చాలు.

కుక్కపిల్లల సంగతి వేరు. ఆపరేషన్ వయసు రాని పిల్లలు ఆ వ్యాను ఎక్కవు, పార్వో ఎక్కువగా చంపేది ఆ వయసు వాటినే. వాటికి వీధుల్లోనే శిబిరం పెట్టాలి. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు, అందుకే ఆరెనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారు వారాలు నిండేదాకా విడతలుగా వేస్తారు. ఒక్కసారే వీలయితే పదహారు వారాలు దాటాక వేయమని ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాకపోతే మన వీధుల్లో చాలావాటికి అంత ఆయుష్షు ఉండదు, కాబట్టి రెండు విడతలైనా కావాలి. పిల్లలు ఎక్కడున్నాయో రోజూ అన్నం పెట్టేవాళ్లకు తెలుసు. వాళ్లను అడగండి, సంతోషంగా పట్టుకుని నిలబడతారు.

డిస్టెంపర్ గురించి చెప్పకుండా ఉండలేను. అది మెదడుకు ఎక్కిన కుక్క ఫిట్స్‌తో కొట్టుకుంటుంది, దవడలు ఆడిస్తుంది, నురగ కక్కుతుంది. చూసినవాళ్లు పిచ్చికుక్క అంటారు, కర్రలు లేస్తాయి. నిజంగా అది రేబిసే అయితే కరిచినవాళ్లకు సూదులు పడాలి, డిస్టెంపర్ అయితే చుట్టుపక్కల కుక్కలకు టీకాలు పడాలి. అనుమానం వచ్చిన ప్రతి కళేబరం నుంచి నమూనా తీసి ప్రయోగశాలకు పంపకపోతే ఏ జబ్బుతో పోయిందో ఎలా తెలుస్తుంది? గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. ఆ పని అక్కడి వారికి అప్పగించండి.

2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇళ్లలోకి వచ్చింది. ఎలుకల, కుక్కల మూత్రం కలిసిన అలాంటి నీళ్లలోనే లెప్టోస్పైరోసిస్ మనుషులకు అంటుతుంది. కుక్కకు వేసే ఆ టీకా కొంతవరకు మాకూ కాపుదలే. దాన్ని ఏటా వేయాలి, వానలకు ముందే వేయాలి.

ఇక అడవి. మాచర్ల దాటితే నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అంచు పల్లెల కుక్కలు మేకల వెంట అడవిలోకి పోతాయి, చచ్చిన జంతువు కనిపిస్తే తింటాయి, నక్కలు, చిరుతలు తిరిగే దారుల్లోనే తిరుగుతాయి. 2018 సెప్టెంబరులో గుజరాత్ గిర్ అడవిలో, దల్ఖానియా రేంజిలో, వారాల వ్యవధిలో 20కి పైగా సింహాలు చనిపోయాయి. పరీక్షల్లో తేలిన వాటిలో డిస్టెంపర్ వైరస్ ఉంది. అప్పుడు అమెరికా నుంచి టీకాలు తెప్పించారు. పల్లె కుక్కలకు టీకా వేసినంత మాత్రాన అడవిలో వైరస్ పూర్తిగా పోతుందని నేననడం లేదు. ఊరి నుంచి అడవికి వెళ్లే దారినైనా మూయగలం. అటవీ శాఖ మీది కాదు, కానీ గాలికుంటు టీకాల కోసం ఐస్ పెట్టెలతో గడప గడపకూ తిరిగే సిబ్బంది మీవాళ్లే.

ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. వచ్చే జులై 6న ఆ బల్ల మీద ఈ కలిపిన టీకా కూడా పెట్టించండి. మొత్తం రాష్ట్రానికి ఒకేసారి సాధ్యం కాకపోతే విజయవాడలో బుడమేరు వరదలో మునిగిన డివిజన్లతో, పల్నాడులో అడవి అంచు పల్లెలతో మొదలుపెట్టండి. ఎన్ని కుక్కలకు వేశారో, తర్వాతి ఆర్నెల్లలో ఎన్ని పిల్లలు మిగిలాయో వార్డు సచివాలయం గోడ మీద రాయించండి. లెక్క కట్టడానికి మేం వస్తాం.

ఇట్లు,
అజిత్‌సింగ్ నగర్ నివాసి, విజయవాడ