మాఘంలో పెళ్ళికి వచ్చే అమ్మలుకి

రాజోలు,
2022 జనవరి 23

అమ్మలూ,

ఆశీస్సులు. మీ వదిన పెళ్ళికి రావాలా వద్దా అని నిన్న ఫోన్లో అడిగావు. నాన్న వచ్చెయ్యమన్నారు. మావయ్యయితే నువ్వు రాకపోతే జన్మలో మాట్లాడనన్నాడు. నేను రాసి పంపుతానన్నాను, ఇది అవునూ కాదుల్లో తేలే సంగతి కాదు కాబట్టి. రా తల్లీ. అయితే రైల్లో ఏ పెట్టె ఎక్కాలి, హాల్లో ఎంతసేపు ఉండాలి, మామ్మ పక్కన ఎప్పుడు కూర్చోవాలి, ఇవన్నీ ముందే అనుకుని రా.

"అక్కడ కరోనా ఉందా అమ్మా?" అని అడిగావు. దేశంలో రోజుకి మూడు లక్షల పైచిలుకు కేసులు బయటపడుతున్నాయి. పరీక్ష చేయించుకోకుండా జలుబనుకుని తిరిగేవాళ్ళు ఎందరో. లేని ఊరంటూ ఇప్పుడు లేదు. అందుకని ఏ గదిలోకి వెళ్ళేముందైనా వేరే ప్రశ్న వేసుకో: ఇక్కడ ఇతరులు వదిలిన గాలి నేనెంత పీల్చాల్సి వస్తుంది, ఎంతసేపు?

ఈ ప్రశ్న నాకు కరోనా నేర్పలేదు, టీబీ నేర్పింది. ఉద్యోగమంతా పీహెచ్‌సీ ల్యాబులో కఫం స్లైడులు చూస్తూ గడిపినదాన్ని. నీలం రంగు మీద ఎర్రగా కనబడే ఆ క్రిములు ఎన్ని ఇళ్ళలో ఎంతమందిని మంచాన పడేశాయో నాకు తెలుసు. మా ట్రైనింగులో మొదట చెప్పింది, కఫం గదిలో తియ్యించవద్దని, రోగిని ఆరుబయటికి తీసుకెళ్ళి తియ్యించమని. దగ్గినప్పుడు వచ్చే సన్నటి తుంపర మూసిన గదిలో గంటల తరబడి తేలుతుంది, బయట గాలికి చెదిరిపోతుంది. కానీ ఇళ్ళకి వెళ్తే కనిపించేది వేరు. టీబీ వచ్చిన కోడలికి కంచం వేరు, గ్లాసు వేరు, దుప్పటి వేరు పెట్టేవారు. గది కిటికీ మాత్రం బిగించేవారు, చలిగాలి తగిలితే దగ్గు ఎక్కువవుతుందని. పసిపిల్ల అదే గదిలో పడుకునేది. టీబీ కంచంతో అంటుకునే జబ్బు కాదు, గాలితో అంటుకునేది. ఆ పిల్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది.

1950ల చివర్లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక ప్రయోగం చేశారు. టీబీ వార్డులోని గాలిని గొట్టాల్లోంచి పైకి పంపి, గినీ పందులున్న గదిలోకి వదిలారు. వాటికి రోగుల ముఖం తెలీదు, మంచం తెలీదు, కంచం తెలీదు. ఒట్టి గాలితోనే వాటికి టీబీ వచ్చింది. అంత రుజువు ఉండి కూడా కరోనా వచ్చిన కొత్తలో లోకమంతా చేతులు కడుక్కోవడం మీదే పడింది. మన వీధిలో పాల ప్యాకెట్లకీ స్నానాలు అయ్యాయి, నువ్వే చూశావు. 2020 జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి, ఇది గాలిలోనూ వ్యాపిస్తోంది, గుర్తించండి అని బహిరంగంగా లేఖ రాశారు. మన దేశంలో ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం 2021 మేలో, ఈ సన్నటి తుంపరలు పది మీటర్ల దాకా పోగలవు, కిటికీలు తెరవండి, గాలి ఆడనివ్వండి అని చెప్పింది. అప్పటికే మన చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికొక దుఃఖం జరిగిపోయింది. ఆ మాట ఏడాది ముందు గట్టిగా చెప్పి ఉంటే ఎన్ని కిటికీలు తెరుచుకునేవో అని నాకిప్పటికీ బాధ. చేతులు కడుక్కోవద్దని కాదు, అది ఎప్పుడూ మంచిదే. కానీ భయమంతా చేతుల మీద పెట్టి ముక్కుని మర్చిపోతేనే చిక్కు.

గాలిని కంటితో చూడలేం కదా, మరి అంచనా ఎలా అంటావు. చుట్ట కాల్చేవాళ్ళని తలుచుకో. పక్కనున్నాయన చుట్ట ముట్టించాడనుకో. అరుగు మీదైతే కాస్త జరిగి కూర్చుంటే చాలు, వాసన తగ్గిపోతుంది. అదే తలుపులు మూసిన గదిలో కాలిస్తే ఆ మూలనున్నవాళ్ళకీ వస్తుంది, ఆయన లేచి వెళ్ళిపోయాక కూడా గది కంపు కొడుతూనే ఉంటుంది. ఆరడుగుల దూరం ఎదుటివాళ్ళ నోటి ముందు నుంచి కాపాడుతుందే గానీ గదంతా పేరుకున్న గాలి నుంచి కాపాడదు.

ఇప్పుడు పెళ్ళి హాలు. భీమవరంలో మాట్లాడిన హాలుకి ముందంతా అద్దాల తలుపులు, లోపల వరసగా స్ప్లిట్ ఏసీలు. చల్లగా ఉంటుంది కాబట్టి గాలి బాగుందనిపిస్తుంది. స్ప్లిట్ ఏసీ బయటిగాలిని లోపలికి తేదు. ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ మన మొహాల మీదికే వదులుతుంది. 2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌలో కిటికీల్లేని ఒక హోటల్లో, పక్కపక్క బల్లల దగ్గర భోంచేసిన మూడు కుటుంబాల్లో పదిమందికి కరోనా వచ్చింది. ఏసీ గాలి ఆ మూడు బల్లల మధ్యే చుట్టు తిరిగింది.

లెక్క ఒకటి చెప్తాను, ఇంటర్లో నువ్వు చదివినదే. ఊళ్ళో నూటికి ఒకరికి ఉందనుకుందాం. పదిమంది చేరిన చోట కనీసం ఒకరికి ఉండే అవకాశం నూటికి పది కంటే కొంచెం తక్కువ. యాభై మంది చేరితే దగ్గర దగ్గర నలభై. ఐదొందల మంది పెళ్ళిలో అయితే ఉన్నట్టే, అనుమానం అక్కర్లేదు. అలాగని వెళ్ళినవాళ్ళందరికీ అంటుకుంటుందని కాదు. ఒక్కరైనా ఉన్నారనే ఒప్పుకుని, ఆ గాలి నీ దాకా ఎంత వస్తుందో చూసుకోవాలి.

దానికి తోడు డీజే. అది మోగుతుంటే ఎవరూ మామూలుగా మాట్లాడరు, చెవిలో నోరు పెట్టి అరుస్తారు. ఊరికే ఊపిరి వదిలినప్పటికంటే మాట్లాడినప్పుడు తుంపర ఎక్కువ, అరిచినా పాడినా ఇంకా ఎక్కువ. 2020 మార్చి 10న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక బృందగానం సాధన రెండున్నర గంటలు సాగింది. వచ్చినవాళ్ళు 61 మంది. పరీక్షలో తేలినవాళ్ళూ లక్షణాల్ని బట్టి లెక్కేసినవాళ్ళూ కలిపి 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. పాట పాడుకోవడానికి వచ్చినవాళ్ళమ్మా వాళ్ళు.

అందుకని నేనేం అనుకున్నానంటే, పెళ్ళికూతుర్ని చేసే రోజు నువ్వు పొద్దున్నే వెళ్ళి సాయంత్రం దాకా ఉండు. అది మావయ్య ఇంటి వాకిట్లో, తాటాకు పందిరి కింద. నలుగు పెట్టు, గాజులు తొడుగు, మీ వదిన పక్కన కూర్చో. ఆరుబయట కాబట్టి నాకు దిగులు లేదు. పెళ్ళిరోజు మాత్రం రాత్రి భోజనాల వేళకి హాలుకి రావద్దు. ఊరంతా అప్పుడే వస్తుంది, మాస్కులన్నీ గడ్డాల కిందికి దిగేది అప్పుడే. ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. అప్పటికి చదివింపులు చదివించినవాళ్ళు వెళ్ళిపోయి అయినవాళ్ళే మిగులుతారు. పదకొండింటికి అద్దాల తలుపులు బార్లా తీయించి, వెనక వంటశాల వైపు తలుపులు కూడా తీయించి, ఏసీలు ఆపి ఫ్యాన్లు వెయ్యమని మావయ్యకి నేను చెప్తాను. నా తమ్ముడు నా మాట వింటాడు. గాలి ఇటు నుంచి అటు పోయేలా అరగంట వదిలితే ఆ హాలు వేరే హాలవుతుంది. నువ్వు అప్పుడు వచ్చి తాళి కట్టేదాకా, తలంబ్రాలయ్యేదాకా ఉండు. భోజనం వెనక ఆరుబయట బల్లల దగ్గర. ఫోటోకి మాస్కు తియ్యమంటారు. తియ్యి, మాట్లాడకుండా నిలబడి మళ్ళీ పెట్టుకో. ఆ కాస్తకి ఏమీ కాదు.

హాలు గుమ్మంలో నుదుటికి తుపాకీ పెట్టి జ్వరం చూస్తారు. అది చూసి ధైర్యం తెచ్చుకోకు. జ్వరం రాకముందే రెండు రోజుల నుంచి అంటించగలిగే జబ్బిది.

ప్రయాణం సంగతి. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్‌లో సైడ్ లోయర్ దొరుకుతుందేమో చూడు, నీ కిటికీ నీ చేతిలో ఉంటుంది. రైలు కదలగానే పెట్టెలో అందరూ ఒకేసారి పులిహోర పొట్లాలు విప్పుతారు. నువ్వు ఇంట్లోనే తినేసి ఎక్కు. అర్ధరాత్రి చలికి షట్టర్లన్నీ దించేస్తారు, అప్పుడు మాస్కు తియ్యకు. ఎన్95 తెచ్చుకో, చెవులకి కాకుండా తల వెనక్కి రెండు పట్టీలు వచ్చేది. పెట్టుకున్నాక కళ్ళజోడు మీద ఆవిరి పడుతోందంటే ముక్కు దగ్గర సందు ఉన్నట్టు, అక్కడున్న రేకు గట్టిగా నొక్కు. సందులున్న ఎన్95 కంటే మొహానికి పట్టి కూర్చున్న మామూలుదే నయం ఒక్కోసారి. నర్సాపురంలో దిగి రేవు నుంచి పంటు మీద సఖినేటిపల్లి వచ్చెయ్, అవతలి ఒడ్డున నాన్న బండితో ఉంటారు. పంటు మీద గోదారి గాలి ఉంటుంది, అక్కడ మాస్కు తీసి కడుపునిండా ఊపిరి పీల్చుకో. పంటు ఆగిపోతే తలుపులేసిన ఏసీ కారు కంటే పక్కలు తెరిచి ఉన్న షేర్ ఆటోయే మేలు.

మీ ఆఫీసు గురించి కూడా అడిగావు. మీటింగు గదిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే యంత్రం పెట్టారా అని కనుక్కో. బయటిగాలిలో అది 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 420, దగ్గర ఉంటుంది. గదిలో వెయ్యి దాటిందంటే ఒకరి ఊపిరి ఒకరు పంచుకుంటున్నట్టే, తలుపు తియ్యాలి లేదా బయటికి రావాలి. అది వైరస్‌ని చూపించదు, గాలి ఎంత నిలవుందో చూపిస్తుంది. మంచి ఫిల్టరున్న గదిలో అంకె ఎక్కువున్నా ప్రమాదం తక్కువ ఉండొచ్చు. యంత్రం లేకపోతే, బయటి నుంచి లోపలికి అడుగుపెట్టగానే ఉక్కగా నిలవ వాసన వేస్తోందా చూడు.

ఇక అసలు సంగతి, మామ్మ. నీకు వస్తే మూడు రోజులు జ్వరం, గొంతునొప్పి, నాలుగో రోజు లేస్తావు, బహుశా. మామ్మకి షుగరు, ఆ వయసు. టీకా రెండో డోసు అయ్యి తొమ్మిది నెలలు వచ్చే నెలకి గానీ నిండవు, అప్పుడు గానీ ప్రికాషన్ డోసు, అంటే మూడోది, వెయ్యరు. ఒకే గాలి ఇద్దరికీ ఒకే ప్రమాదం కాదు. అందుకే వరస మార్చాలి: ముందు మామ్మ, తరవాత పెళ్ళి. పెళ్ళికి పదిరోజుల ముందే వచ్చెయ్, ఎలాగూ ఇంటినుంచే పని చేస్తున్నావు. వచ్చాక ఐదు రోజులు సావిట్లో పడుకో, అక్కడే లాప్‌టాప్ పెట్టుకో. రైలు దిగిన రోజే కిట్టుతో పరీక్ష చేసుకుంటే అది రైల్లో ఏం జరిగిందో చెప్పదు, క్రిమి ఒంట్లో పెరగాలి. మూడో రోజు ఒకటి, ఐదో రోజు ఒకటి చేసుకో. రెండూ నెగిటివ్ వచ్చి, గొంతులో గరగర కూడా లేకపోతే, మామ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకో. పెళ్ళయ్యాక ఇంటికి రాకుండా భీమవరంలోనే రైలెక్కెయ్. పెళ్ళికూతురికి నేను మేనత్తని, నాన్న మేనత్త మొగుడు, మేం హాల్లో ఉండక తప్పదు. అందుకని నీ మేనత్త ఆ వారం వచ్చి మామ్మ దగ్గర ఉంటుంది, మేమిద్దరం సావిట్లో ఉంటాం.

మన ఇల్లు మండువా లోగిలి కావడం ఈ రోజుల్లో పెద్ద అదృష్టం. మధ్యలో ఆకాశం, నాలుగు వైపులా గదులు, వేడెక్కిన గాలి పైకి పోతుంటే కొత్తగాలి గుమ్మంలోంచి వస్తుంది. పెరూలోని లీమాలో ఎనిమిది ఆసుపత్రుల్లో గాలి ఎంత మారుతోందో కొలిచి 2007లో ప్రచురించారు. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలున్న పాత కట్టడాల్లో గాలి బాగా మారుతోందని తేలింది, యంత్రాలతో గాలి మార్చే గదుల కంటే కూడా. మన వీధిలో మండువాలన్నీ పడగొట్టి శ్లాబులు వేస్తున్నారు. నాన్న కూడా అప్పుడప్పుడూ ఆ మాట అంటుంటారు. నేను బతికుండగా ఒప్పుకోను.

మన దగ్గర కిటికీలకి అసలు శత్రువు దోమ. ఆరయ్యేసరికి ఊరంతా తలుపులు బిగించుకుంటుంది. అందుకే నిన్న మామ్మ గది రెండు కిటికీలకీ జాలీ కొట్టించాను. ఒక కిటికీ దగ్గర టేబుల్ ఫ్యాను బయటికి తిప్పి పెట్టాను, లోపలి గాలిని అది లాగేస్తుంది, రెండో కిటికీలోంచి కొత్తగాలి వస్తుంది. మామ్మకి నచ్చలేదు, ఫ్యాను తనవైపు తిప్పమని గొడవ. నువ్వు ఫోన్ చేసినప్పుడు నువ్వే నచ్చజెప్పు, నా మాట కంటే నీ మాట వింటుంది.

టికెట్టు రేపటికల్లా తీసుకో, మాఘమాసం ముహూర్తాలకి బెర్తులు మిగలవు. కిట్లు అక్కడే నాలుగు కొనుక్కుని తెచ్చుకో, ఇక్కడ మందుల షాపులో ఉన్నరోజు ఉంటున్నాయి, లేనిరోజు లేవు. మాస్కులు నాన్నకీ నాకూ కూడా పట్టుకురా, తలకి పట్టీలుండేవే.

ఇట్లు
అమ్మ