పాత యాంప్లిఫయర్లని తూకానికి వెయ్యకండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం గుంటూర్లో ఒక పాత ఇనప సామాన్ల కొట్టు ముందు నుంచి వెళ్తుంటే లోపల ఒక కుర్రాడు సుత్తితో టంగు టంగుమని ఏదో కొడుతున్నాడు, ఏంటా అని తొంగి చూస్తే వాల్వ్ యాంప్లిఫయర్ అండి, ట్రాన్సిస్టర్ల బదులు వేడెక్కి వెలిగే గాజు గొట్టాలు (వాల్వులు) ఉండేది, అదే ఒకప్పుడు పెళ్ళిళ్ళకీ శ్రీరామనవమి పందిళ్ళకీ మైక్ సెట్ వాళ్ళు తెచ్చేవాళ్ళే, ఆ బరువు పెట్టె. వాల్వులు అప్పటికే పగిలిపోయి ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్ విప్పి రాగి తీగ లాగుతున్నాడు. ఆగు బాబూ అంటే "రాగి కేజీ ఎంతుందో తెల్సా అంకుల్" అన్నాడు. వాడినేం అంటాం, ఇచ్చినోళ్ళే తూకానికి ఇచ్చారు.

నా బాధల్లా ఏంటంటే ఆ పెట్టెలో ప్రాణం ఆ ట్రాన్స్‌ఫార్మరే. ఈఎల్ 34, ఈసీసీ 83 లాంటి వాల్వులు ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు. కరెంటు నిలవుంచే కండెన్సర్లు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ వాల్వుకి వేల ఓమ్‌ల లోడు కావాలి, స్పీకరేమో 8 ఓమ్‌లు, ఆ రెండిటికీ పొత్తు కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, అది పోతే మళ్ళీ అలా పొరలు పొరలుగా చుట్టిచ్చేవాళ్ళు మన గుంటూరు, బెజవాడల్లో నేను తిరిగినంత మేర ఒక్కరూ కనపళ్ళేదు. సౌండ్ అమృతం అని నేననను, కొలిస్తే ఇప్పటి యాంప్లిఫయర్లే శుభ్రంగా ఉంటాయి, అయినా ఘంటసాల గొంతు వాల్వులో వినాలనిపిస్తుంది, ఇది నా పిచ్చి అనుకోండి.

ఇంకో మాట. అటక మీద నుంచి దింపగానే ప్లగ్గులో పెట్టెయ్యకండి. నేను అలా పెట్టే మా వాల్వ్ రేడియో తగలేసుకున్నా, ఇల్లంతా పొగ, మా ఆవిడ తిట్లు. పాత మెకానిక్‌లు చేసినట్టు 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో కట్టి, అంటే కరెంటు ఆ బల్బులోంచే పెట్టెకి వెళ్ళేలా పెట్టాలి, బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్టు ఉన్నట్టే. మూత తీసి వేలు మాత్రం పెట్టొద్దు, ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో 300 వోల్టుల పైన నిలవుండొచ్చు.

క్యాసెట్లు వేసే టేప్ డెక్కుల సంగతీ అంతే. మాది తిరగట్లేదని తీసుకెళ్తే ఒక మెకానిక్ చూడకుండానే పారేయమన్నాడు. ఇంటికొచ్చి విప్పితే బెల్టు కరిగి తారులాగా పుల్లీకి అంటుకుంది, స్పిరిట్‌తో తుడిచి కొత్త బెల్టు వేశా, అంతే పని. క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి, ముందు తెచ్చిన బెల్టు కాస్త లూజై, విజయవాడ రేడియో నుంచి ఎప్పుడో పట్టుకున్న భక్తిరంజనిలో పాడే ఆయన జ్వరమొచ్చినట్టు సాగదీశాడు, ఇంకోటి మారిస్తే లేచి కూర్చున్నాడు.

కాబట్టి మైక్ సెట్ షాపుల వాళ్ళకి మీ పేపర్ ద్వారా ఒకటే మనవి, అమ్మితే అమ్మండి, పెట్టె పెట్టెగా అమ్మండి, తూకానికొచ్చే డబ్బు కన్నా ఎక్కువిచ్చే నాలాంటోళ్ళు ఉన్నారు.

ఆ రోజు ఆ కొట్టులో పగలకుండా మిగిలిన చిన్న వాల్వు ఒకటి 20 రూపాయలిచ్చి తెచ్చుకున్నా. ఈసీసీ 83. రాత్రి 12 వోల్టుల అడాప్టర్ తగిలిస్తే లోపల వాల్వుని వేడెక్కించే రెండు హీటర్లూ మెల్లగా ఎర్రబడ్డాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు