షాంఘై నుంచి నాన్నగారికి

షాంఘై,
29 సెప్టెంబరు 2022.

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు,

నమస్కారాలు. నేను క్షేమంగా ఉన్నాను, ఊరు ప్రశాంతంగా ఉంది, ఆఫీసుకు రోజూ వెళ్లి వస్తున్నాను. ఈ మూడు సంగతులు ముందే రాసేస్తే అమ్మ మిగతా ఉత్తరాన్ని కుదురుగా వింటుందని ఇలా మొదలుపెట్టాను. మా ఆఫీసులో పనిచేసే ఒక తమిళావిడ సెలవు మీద ఇంటికి వెళ్తున్నారు. నేరుగా విమానాలు లేక రెండేళ్లు దాటింది కాబట్టి సింగపూరు మీదుగా చుట్టు తిరిగి చెన్నై చేరి, అక్కడ ఈ కవరును పోస్టు చేస్తానన్నారు. ఫోనులో సగం సగం చెప్పి మిమ్మల్ని మరింత కంగారు పెట్టడం కన్నా, ఆలస్యమైనా అంతా ఒకచోట రాయడమే మేలనిపించింది.

శనివారం రాత్రి మీరు ఫోను చేసి, బీజింగులో సైన్యం తిరగబడిందట, షి జిన్‌పింగ్‌ను గృహనిర్బంధంలో పెట్టారట, నీకేమైనా తెలుసా అని అడిగారు. నాకేమీ తెలియదు, తర్వాత మాట్లాడదాం అని నేను పెట్టేశాను. అది భయపడి మాట దాటేస్తోందని మీరు బాబాయితో అన్నట్టు తమ్ముడు చెప్పాడు. నేను మాట దాటేయలేదు నాన్నగారూ. ఆ కబురు నేను మొట్టమొదట విన్నది మీ నోటనే. రెండున్నర కోట్ల మంది ఉన్న ఊళ్లో కూర్చున్న నాకన్నా ముందు, మన వీధి చివర కూర్చున్న మీకు తెలిసిందంటే, ఆ వార్త ఎక్కడ పుట్టి ఎటు ప్రయాణించిందో మీరే ఊహించగలరు. తెలియని విషయాన్ని పట్టుకుని ఫోనులో గంటసేపు తర్కించడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే.

ఇప్పుడు తెలుసుకున్నంత వరకు రాస్తాను. జిన్‌పింగ్ సెప్టెంబరు 14న కజకిస్తాను, ఆ తర్వాత సమర్‌కందులో షాంఘై సహకార సంస్థ సమావేశానికి వెళ్లి, 16వ తేదీ రాత్రి తిరిగి వచ్చారు. 2020 జనవరి తర్వాత ఆయన దేశం దాటడం అదే మొదటిసారి. తిరిగి వచ్చాక పది రోజుల పాటు బయట ఎక్కడా కనిపించలేదు. 21న సైన్యం గురించి జరిగిన ఒక సదస్సుకు కూడా రాకుండా, రాతపూర్వక సందేశం పంపి ఊరుకున్నారు. అదే వారంలో మాజీ న్యాయశాఖ మంత్రి ఫూ జెంగ్‌హువాకు, ఒకప్పుడు పోలీసు శాఖ ఉపమంత్రిగా చేసిన సున్ లీజున్‌కు రెండేళ్ల గడువుతో కూడిన మరణశిక్షలు పడ్డాయి. ఈ రెండింటినీ కలిపి, బీజింగు వైపు 80 కిలోమీటర్ల పొడవున సైనిక వాహనాలు కదులుతున్నాయని ఒకరు, వేల విమానాలు రద్దయ్యాయని మరొకరు, లీ చ్యావోమింగ్ అనే సేనాని గద్దెనెక్కాడని ఇంకొకరు చేర్చారు. ఢిల్లీలో సుబ్రమణ్యస్వామి వంటి పెద్దమనిషే ట్విట్టరులో ఆ ప్రశ్న వేశాక, మన టీవీ చానళ్లకు ఇక పగ్గాలు ఎక్కడివి?

అయితే విదేశం నుంచి వచ్చిన వారెవరైనా ఇప్పుడు ఈ దేశంలో ఏడు రోజులు క్వారంటైన్ కేంద్రంలోనూ, మూడు రోజులు ఇంట్లోనూ గడపాలి. ఆ లెక్క వేసి చూస్తే ఆయన కనిపించని రోజులు దాదాపు దానికి సరిపోతాయి. నియమం ఆయనకూ వర్తించిందని ఎవరూ ప్రకటించలేదు, ఇది నా ఊహ మాత్రమే. విమానాల సంగతికొస్తే, కరోనా మొదలైనప్పటి నుంచి ఇక్కడ సర్వీసులు రద్దు కాని రోజు లేదు. మొన్నటి వారంలో ప్రత్యేకంగా రద్దయిందేమీ మా వాళ్లెవరి ప్రయాణాల్లోనూ కనబడలేదు. 25వ తేదీన వచ్చే నెల పార్టీ మహాసభకు వెళ్లే 2,296 మంది ప్రతినిధుల జాబితా వచ్చింది, అందులో ఆయన పేరుంది. మొన్న 27న బీజింగులో ఒక ప్రదర్శనశాలను ఆయన చూస్తున్న దృశ్యాలు రాత్రి ఏడు గంటల వార్తల్లో వేశారు. మా క్యాంటీనులో టీవీ ముందు ఉన్నవారు చూసి మళ్లీ పళ్లేల వైపు తిరిగారు, ఎందుకంటే ఆయన మాయమయ్యారన్న సంగతే వాళ్లలో చాలామందికి తెలియదు.

మీకు 1971 గుర్తుండే ఉంటుంది. మావో వారసుడిగా పేరుపడ్డ లిన్ బియావో విమానం మంగోలియాలో కూలిపోయిన ఆ సెప్టెంబరులో నిజంగానే దేశమంతటా విమానాలు నేల దిగాయి, అక్టోబరు 1 జాతీయ దినోత్సవ కవాతు నిజంగానే ఆగిపోయింది, ఆ సూచనలను చూసి బయటి ప్రపంచం ఏదో జరిగిందని పసిగట్టింది, ఇక్కడి మామూలు జనానికి మాత్రం నెలల తర్వాత గానీ తెలియలేదు. కాబట్టి బయటివారికి ముందు తెలియడం అసాధ్యమని నేను అనను. కానీ ఈసారి చూడండి, అక్టోబరు 1 ఏర్పాట్లు ఒక్కటీ ఆగలేదు. 2012లో ఇంతకన్నా పెద్ద గోల జరిగింది. మార్చిలో చోంగ్‌చింగ్ నగర పార్టీ అధినేత బో షీలాయ్‌ను పదవి నుంచి తీసేసిన కొద్ది రోజులకు బీజింగులో తుపాకులు పేలాయని వదంతి పుట్టింది. 16 వెబ్‌సైట్లు మూసేసి ఆరుగురిని పట్టుకున్నారు, ఇక్కడి ట్విట్టరు లాంటి వీబోలో మూడు రోజులు ఎవరూ వ్యాఖ్యలు రాయకుండా ఆపేశారు. అదే ఏడాది సెప్టెంబరులో, అప్పటికింకా పీఠమెక్కని జిన్‌పింగ్ రెండు వారాలు కనిపించక, హిల్లరీ క్లింటన్‌తో సమావేశం కూడా రద్దు చేసుకుని, 15వ తేదీన ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ప్రత్యక్షమయ్యారు. ఎందుకు కనిపించలేదో ఇవాళ్టి వరకూ ఎవరూ చెప్పలేదు. వివరం చెప్పే అలవాటు లేని చోట ఖాళీని ఎవరికి తోచినట్టు వారు నింపుకుంటారు, అందులో ఆశ్చర్యపోవడానికేముంది?

ఇంత రాశాక కూడా నేను వదంతులను చూసి నవ్వే మనిషిని కానని మీకు తెలియాలి. ఈ ఏడాది మార్చిలో కరోనా వల్ల ఊరంతా మూసేస్తారని ఇక్కడ గుసగుసలు మొదలైనప్పుడు, అవి పుకార్లని పోలీసులు చెప్పారు. 26న అధికారుల పక్కన కూర్చున్న నిపుణురాలు షాంఘైని మూయడం కుదరదని విలేఖరుల ముందు అన్నారు. మర్నాటి రాత్రే మూసివేత ప్రకటించారు, 28న నది తూర్పు వైపు పుడోంగును, ఏప్రిల్ 1న పడమటి వైపును మూశారు, జూన్ 1 వరకు తలుపులు తెరవలేదు. అధికారుల మాట నమ్మి సరుకులు కొనకుండా ఊరుకున్నవారు ఇబ్బంది పడ్డారు, గుసగుసను నమ్మి బియ్యం, నూనె కొనుక్కున్నవారు కాస్త స్థిమితంగా ఉన్నారు. వూహాన్‌లో కొత్త జబ్బు గురించి తోటి డాక్టర్లను హెచ్చరించిన డాక్టరు లీ వెన్‌ల్యాంగ్‌ను కూడా 2020 జనవరి 3న పోలీసులు పిలిచి, అబద్ధపు మాటలు వ్యాపింపజేశావని సంతకం పెట్టించుకున్నారు కదా. నెల తిరిగేసరికి ఆ జబ్బుతోనే ఆయన పోయాడు. అందుకని ఇక్కడివారు ఒక మాట వినగానే నిజమా కాదా అని కాక, ముందు జాగ్రత్తగా ఏం చేయాలి అని ఆలోచిస్తారు. నాకూ అదే అలవాటైంది. శనివారం మీ ఫోను పెట్టేశాక బీరువా తెరిచి బియ్యం ఎంత ఉన్నాయో చూసుకున్నానని రాస్తే మీరు నవ్వుతారేమో, అమ్మ నవ్వదు.

అసలు ఈ పది రోజుల్లో ఇక్కడ మనుషుల గుండెల్లో ఉన్నది బీజింగు కుట్ర కాదు, ఒక బస్సు. 18వ తేదీ తెల్లవారుజామున గుయిజౌ రాష్ట్రంలో, గుయియాంగ్ నుంచి 47 మందితో క్వారంటైను కేంద్రానికి వెళ్తున్న బస్సు కొండదారిలో బోల్తా పడి 27 మంది పోయారు. దూరప్రాంతపు బస్సులు రాత్రి రెండు నుంచి ఐదు వరకు నడవకూడదని నిబంధన ఉన్న దేశంలో, రెండున్నర దాటాక ఆ బస్సును ఎందుకు నడిపారని జనం అడిగారు. ఆ బస్సులో మనమూ ఉన్నట్టే అని రాసుకున్నారు. రాసినవి రాసినట్టే చెరిగిపోయాయి. నా పక్క సీటులో పనిచేసే అమ్మాయి, ఎప్పుడూ రాజకీయం ఎత్తని మనిషి, ఆ రోజు మధ్యాహ్నం తినకుండా ఫోను చూస్తూ కూర్చుంది. ఏమిటని అడిగితే ఏమీ లేదంది. నేనూ మళ్లీ అడగలేదు. ఈ వార్త మన చానళ్లలో ఒక్క నిమిషమైనా వచ్చిందా? లేని సైనిక వాహనాలు 80 కిలోమీటర్లు కనిపించాయి గానీ ఉన్న ఒక్క బస్సు కనిపించలేదని నాకు కొంచెం కోపంగా ఉంది. అది మీ మీద కోపం కాదు, మీకు చూపించినదే మీరు చూడగలరు.

ఇక ఫోను సంగతి. ఇక్కడ వాట్సాప్‌ను 2017 నుంచి ఆపేశారు, ఇక్కడివారు వాడే వాట్సాప్ లాంటి వీచాట్‌ను మనవాళ్లు 2020లో నిషేధించారు, కాబట్టి మనం మాట్లాడుకోవాలంటే ఇక్కడి ఇంటర్నెట్ నిషేధాలను దాటించే వీపీఎన్‌తో నేను గోడ దూకక తప్పదు. అక్టోబరు 16న 20వ మహాసభ మొదలవుతుంది. ఇలాంటి సభలు దగ్గర పడినప్పుడల్లా ఆ వీపీఎన్‌లు మొరాయించడం ఇక్కడ అందరికీ అనుభవమే. నేను నాలుగైదు రోజులు వాట్సాప్‌లో కనిపించకపోతే దేశంలో ఏదో జరిగిందని గానీ, నాకేదో జరిగిందని గానీ అనుకోవద్దు. మామూలు అంతర్జాతీయ కాల్ ఎప్పుడూ కలుస్తుంది. ఖర్చు చూసుకోకుండా ఆ నంబరుకే చేయండి, నేను ఎత్తుతాను.

ఒక్క మాట మాత్రం మన్నించి వినండి. ఆ నంబరులో మాట్లాడేటప్పుడు జిన్‌పింగ్ పేరు, సైన్యం, తిరుగుబాటు, ఇవేవీ వద్దు. పోలీసులు నా గుమ్మంలో నిలబడి వింటున్నారని కాదు, నాలాంటి ఉద్యోగస్తురాలిని పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. కానీ ఇక్కడ ఫోను నంబరు పాస్‌పోర్టుతో ముడిపడి ఉంటుంది, ఇల్లూ వీసా ఉద్యోగమూ అదే పాస్‌పోర్టుతో ముడిపడి ఉంటాయి. ఒకరి గురించి అబద్ధం రాస్తే, దాన్ని 5,000 మంది చూసినా 500 సార్లు పంచుకున్నా నేరంగా పరిగణించవచ్చని 2013లోనే ఇక్కడి అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. అంతవరకు పోయే పని మనకు లేదు. అయినా అవసరం లేని మాటను ఎందుకు గాలిలోకి వదలాలి? మన కుటుంబ గ్రూపులో పెదనాన్నగారు పంపే వీడియోలు కూడా నాకు రాకుండా చూడండి, ఆయనకు నేను చెబితే బాధపడతారు, మీరైతే నచ్చజెప్పగలరు.

తమ్ముడి విషయం బాబాయికి ఇలా చెప్పండి. ఇక్కడ చైనాలో మెడిసిన్ చదివే మన పిల్లలకు ఆగస్టు 24 నుంచి మళ్లీ వీసాలు ఇస్తున్నారు. రెండున్నరేళ్లు ఇంట్లో కూర్చుని కంప్యూటరులో శవపరీక్ష చూసిన పిల్లవాడు ఇప్పుడు కూడా రాకపోతే ఆ చదువుకు అర్థం ఉండదు. కుట్ర వార్తకు భయపడి వాడిని ఆపవద్దు. ఆపవలసిన కారణాలు వేరే ఉన్నాయి, వాటిని తూచండి: విమాన టిక్కెట్టు ధర ఎంత పలుకుతోందో, దిగాక క్వారంటైను ఖర్చు వాడే పెట్టుకోవాలి కాబట్టి అది ఎంతవుతుందో, కాలేజీ గేటు లోపలే ఎన్ని నెలలు ఉంచేస్తారో ముందు కనుక్కోండి. నేను ఇక్కడ ఉన్నాను కాబట్టి పర్వాలేదని మాత్రం బాబాయి అనుకోకూడదు. వాడి కాలేజీ ఉన్న ఊరికీ నాకూ మధ్య రైలులో ఒక పగలు పడుతుంది, ఏ ఊళ్లోనైనా ఒక్క కేసు వస్తే ఆ రైలు కూడా ఆగిపోతుంది.

అమ్మా, నువ్వు వచ్చేయమంటున్నావు. రాకూడదని నాకు పట్టుదలేమీ లేదు. వస్తే మళ్లీ వెనక్కి రావడానికి ఎన్ని అనుమతులు కావాలో తలుచుకుంటే కాళ్లు కదలవు, అంతే గానీ నువ్వు అనుకున్నట్టు డబ్బు మీద ఆశ కాదు. ఏప్రిల్, మే నెలల్లో తలుపు మూసి ఉన్నప్పుడు నీ గొంతు వినడం కోసం రాత్రి రెండింటి దాకా ఆ వీపీఎన్‌ను తిప్పలు పెట్టిన సంగతి నీకు అప్పుడు చెప్పలేదు. ఆ రోజుల్లో మా భవనంలో ఎవరెవరు ఏ అంతస్తులో ఉంటారో మొదటిసారి తెలిసింది. అంతా కలిసి కూరగాయలు టోకున తెప్పించుకున్నాం. పైఅంతస్తు పెద్దావిడకు నేను ఫోనులో ఆర్డరు పెట్టేదాన్ని, ఆవిడ నాకు గుడ్లు పంపేది. నిజంగా ఏదైనా ముంచుకొస్తే నాకు ముందు కబురు చెప్పేది టీవీ కాదు, ఆవిడే.

ఉద్యోగం మామూలే. జీతం సకాలంలో వస్తోంది. 72 గంటలకోసారి కరోనా పరీక్షకు గొంతులో పుల్ల పెట్టించుకుని, ఫోనులో జబ్బు లేదని చెప్పే పచ్చ కోడ్ చూపించి మెట్రో ఎక్కుతున్నాను. మహాసభ అయ్యాక ఈ నియమాలు సడలుతాయని కొందరు, ఇంకా బిగుస్తాయని కొందరు అంటున్నారు. రెండు మాటలనూ నేను సమానంగా వింటున్నాను. సడలిస్తే సంక్రాంతికి సెలవు అడుగుతాను, అది అడిగేవరకు అత్తయ్యలకు ఎవరికీ చెప్పవద్దు.

నాన్నగారూ, మీ బీపీ మాత్ర రాత్రి పూట వేసుకుంటున్నారో లేదో ఈసారి ఫోనులో అమ్మ చెప్పాలి, మీరు కాదు. ఈ కవరు అందిన రోజున నాకు కాల్ చేసి, చీర అందిందని చెప్పండి, నాకు అర్థమవుతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి